సెకను ఎక్కడ మొదలవుతుంది? సొంత సర్క్యూట్‌లోకి సరైన టైం తేవడం

నేను కట్టిన మొదటి డిజిటల్ గడియారం మూడు రోజులకే పది నిమిషాలు ముందుకెళ్లిపోయింది. ఒక ఆర్డుయినో ఊనో (కోడ్ రాసి నడిపే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), నాలుగంకెల డిస్‌ప్లే, ఓ ముప్ఫై లైన్ల కోడ్. అంతే సరంజామా. తప్పు కోడ్‌లోనే ఉంటుందనుకుని దాన్ని మళ్లీ మళ్లీ తిరగరాశాను. ఎన్నిసార్లు రాసినా అదే తేడా. చివరికి తేలిందేమిటంటే, ఊనోలో ప్రధాన చిప్‌కి 16 మెగాహెర్ట్జ్ లయ, అంటే సెకనుకు కోటీ అరవై లక్షల ఊపులు, ఇచ్చేది సెరామిక్ రెజొనేటర్ అనే పింగాణీ ముక్క. గడియారాల్లో వాడే క్వార్ట్జ్ క్రిస్టల్ అంత నిలకడ దానికి ఉండదు. అర శాతం దాకా తేడా రావచ్చు. అర శాతమే కదా అనిపిస్తుంది గానీ, రోజుకున్న 86,400 సెకన్లలో అర శాతమంటే 432 సెకన్లు. ఏడు నిమిషాల పైమాటే.

"సరైన టైం కావాలి" అని ఒక్క ముక్కలో అనేస్తాం. అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఒక సెకను ఎంత పొడవుండాలి? ఆ సెకను సరిగ్గా ఎప్పుడు మొదలవ్వాలి? మొదలైన ఆ సెకనుకు పేరేమిటి, అంటే ఎన్ని గంటల, ఎన్ని నిమిషాల, ఎన్నో సెకను? వీటిని నేను నడక, అంచు, పేరు అని పిలుచుకుంటాను. మనం కొనే ఒక్కో మాడ్యూల్ వీటిలో ఒకదానికి బాగా జవాబిస్తుంది, ఇంకోదానికి అంతంతమాత్రంగా, మరోదానికి అసలే ఇవ్వదు. గడియారం తప్పుతోందని తల పట్టుకున్న ప్రతిసారీ నా విషయంలో కారణం ఒకటే. ఒక ప్రశ్నకు జవాబిచ్చే చోట రెండోదాన్ని వెతుక్కున్నాను.

క్రిస్టల్ నడక

ముందు నడక సంగతి. దీన్ని కొలిచే లెక్క పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు. పది లక్షల సెకన్లంటే సుమారు పదకొండున్నర రోజులు. కాబట్టి 1 పీపీఎం తేడా ఉన్న గడియారం పదకొండున్నర రోజులకు ఒక సెకను తప్పుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో, ఏ అంకె కనబడినా దాని అసలు బరువు తెలిసిపోతుంది. గడియారాల్లో వాడే మామూలు క్రిస్టల్ మీద 20 పీపీఎం అని ఉంటుంది. అంటే రోజుకు 1.7 సెకన్లు, నెలకు దగ్గరదగ్గర 52 సెకన్లు.

ఆ క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు ఊగుతుంది. ఈ అంకెకు కారణముంది. రెండుని పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది ఇదే. ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ (రెండు స్థితుల మధ్య మారే చిన్న సర్క్యూట్) వచ్చిన పల్సుల్ని సగం చేస్తూ పోతే, పదిహేనో దాని దగ్గర సరిగ్గా సెకనుకు ఒక పల్స్ మిగులుతుంది. లోపల ఉన్న క్వార్ట్జ్ ముక్క రెండు కాళ్ల శ్రుతిదండం ఆకారంలో ఉంటుంది. సుమారు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది అన్నిటికంటే వేగంగా ఊగుతుంది. అక్కడి నుంచి వేడెక్కినా మందగిస్తుంది, చల్లబడినా మందగిస్తుంది. ఎంత అంటే, తేడా ఎన్ని డిగ్రీలో దాని వర్గాన్ని 0.034తో గుణిస్తే వచ్చేన్ని పీపీఎంలు. పెట్టె లోపల 45 డిగ్రీలు ఉందనుకుందాం. 20 వర్గం 400, దాన్ని 0.034తో గుణిస్తే 13.6. అంటే వేడి ఒక్కటే రోజుకు సెకనుకు పైగా వెనక్కి లాగుతుంది. వోల్టేజ్ రెగ్యులేటర్ పక్కనే క్రిస్టల్‌ని పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

లోడ్ కెపాసిటెన్స్, అంటే క్రిస్టల్ కాళ్లకు తగిలే విద్యుత్ నిల్వ గుణం, ఇంకో పేచీ. క్రిస్టల్ మీద 12.5 పికోఫారడ్ అనో 6 పికోఫారడ్ అనో రాసి ఉంటుంది. తన రెండు కాళ్ల మధ్య అంత కెపాసిటెన్స్ కనబడితేనే అది రాసిన వేగంతో ఊగుతుంది. బ్రెడ్‌బోర్డు వరుసల మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ కూడా దాన్ని తప్పిస్తుంది. ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని నేరుగా క్రిస్టల్ కాలికి తగిలించి "ఎంత వేగంగా నడుస్తోందో చూద్దాం" అనుకుంటే, ప్రోబ్ తెచ్చే పదో పన్నెండో పికోఫారడ్లకు దాని వేగం మారిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. కొలవాలంటే చిప్ బయటికిచ్చే స్క్వేర్ వేవ్ పిన్ దగ్గర కొలవండి. చాలా ఆర్‌టీసీ (రియల్ టైం క్లాక్, అంటే టైం లెక్క కోసమే చేసిన) చిప్పుల్లో ఆ పిన్ ఓపెన్ డ్రెయిన్, అంటే వోల్టేజీని కిందికి లాగగలదే గానీ పైకి తేలేదు. పుల్-అప్ రెసిస్టర్ పెట్టకపోతే అక్కడ ఏమీ కనబడదు. చిప్ పాడైందనుకుని పారేయకండి.

ఈ తలనొప్పులు చాలావరకు తీసేసిన చిప్ డీఎస్3231. క్రిస్టల్ దాని కడుపులోనే ఉంటుంది. 64 సెకన్లకోసారి తన వేడి తానే కొలుచుకుని, లోపలి కెపాసిటర్లను సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎం దాటదని డేటాషీట్ మాట. ఏడాదికి సుమారు ఒక నిమిషం అన్నమాట. గోడ గడియారం, మొక్కలకు నీళ్లు పెట్టే టైమర్, వేడీ తేమా రాసుకునే లాగర్ లాంటి వాటికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: ఈ చిప్ పెట్టి అమ్మే చిన్న నీలం బోర్డుల్లో కొన్నిటి మీద బ్యాటరీని చార్జ్ చేసే రెసిస్టర్, డయోడ్ ఉంటాయి. అవి రీచార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 కోసం. అందులో మామూలు సీఆర్2032 వేసి బోర్డుకు 5 వోల్టులిస్తే, చార్జ్ చేయకూడని సెల్‌ని ఏళ్ల తరబడి చార్జ్ చేస్తూ ఉంటుంది. ఆ డయోడ్‌నో రెసిస్టర్‌నో పీకేస్తే సరి.

ఆర్‌టీసీని చదవడంలోనూ మెలికలున్నాయి. రిజిస్టర్లలో, అంటే చిప్ లోపలి చిన్న మెమరీ గదుల్లో, అంకెలు బీసీడీలో (ఒక్కో దశాంశ అంకెకు నాలుగు బిట్లు) ఉంటాయి. నేరుగా మామూలు బైనరీ అనుకుని చదివితే 59వ సెకను 89 అవుతుంది. గంటలు, నిమిషాలు, సెకన్లను మూడు విడి ఆదేశాలతో చదివితే ఇంకో ప్రమాదం. 10:59:59 దగ్గర గంట చదివి, నిమిషం చదివేలోపు టైం 11:00:00కి మారితే మీ చేతికి 10:00:00 వస్తుంది. ఒక్కసారిగా గంట వెనక్కి! అన్నీ ఒకే వరుసలో చదివితే చిప్ ఆ క్షణాన్ని పట్టి ఉంచి ఇస్తుంది, ఈ గొడవ రాదు.

ఇంత మంచి చిప్ అయినా దానికి తెలిసింది నడక ఒక్కటే. పేరు మనం రాసిందే, అంచు మనం రాసిన క్షణమే. అంచు విషయంలో మాత్రం ఒక గొప్ప సౌకర్యం ఉంది. సెకన్ల రిజిస్టర్‌లోకి ఏదైనా రాసిన మరుక్షణం దాని లోపలి లెక్కింపు సున్నా నుంచి మొదలవుతుంది. అంటే సరైన అంచు మీకెక్కడైనా దొరికితే, సరిగ్గా ఆ క్షణాన రాసి దాన్ని చిప్‌కి అంటించేయొచ్చు.

ఆ అంచును ఎక్కడి నుంచి తేవాలి?

కరెంటు తీగ, లాంగ్ వేవ్ రేడియో

పాత డిజిటల్ అలారం గడియారాలు కరెంటు తీగలోని 50 లేదా 60 హెర్ట్జ్‌నే లెక్కపెట్టుకునేవి. గంటా రెండు గంటల లెక్కలో ఆ వేగం అటూ ఇటూ ఊగినా, గ్రిడ్ నడిపేవాళ్లు సరిచేస్తూ ఉన్నచోట నెలల లెక్కలో బాగానే నిలబడుతుంది. సరిచేయకపోతే ఏమవుతుందో 2018లో యూరప్ చూసింది. సెర్బియా, కొసోవోల మధ్య విద్యుత్ పేచీ వల్ల జనవరి మధ్య నుంచి మార్చి మొదటి దాకా గ్రిడ్ వేగం 50 హెర్ట్జ్‌కి కాస్త కిందే ఉండిపోయి, ఖండంలో చాలా దేశాల్లో ఓవెన్ల మీది, రేడియోల మీది గడియారాలు ఆరు నిమిషాల దాకా వెనకబడ్డాయి. మీరు ఈ దారి పట్టేట్టయితే మెయిన్స్‌ని నేరుగా ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి తక్కువ వోల్టేజీ నుంచే సిగ్నల్ తీసుకోండి.

రేడియో దారిలో అంచు, పేరు రెండూ వస్తాయి. జర్మనీలో డీసీఎఫ్77 స్టేషన్ 77.5 కిలోహెర్ట్జ్ మీద, అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూవీబీ, బ్రిటన్‌లో ఎంఎస్ఎఫ్ 60 కిలోహెర్ట్జ్ మీద, జపాన్‌లో జేజేవై 40, 60 కిలోహెర్ట్జ్‌ల మీద, అణు గడియారాల టైంను ప్రసారం చేస్తాయి. డీసీఎఫ్77 పద్ధతి ముచ్చటగా ఉంటుంది. ప్రతి సెకను మొదట్లో సిగ్నల్ బలం ఒక్కసారిగా పడిపోతుంది. పదో వంతు సెకను పడితే 0, ఐదో వంతు పడితే 1. అలా నిమిషం పొడవునా ఒక్కో బిట్ వచ్చి, నిమిషం, గంట, తేదీ అన్నీ తయారవుతాయి. 59వ సెకనులో మాత్రం ఏమీ పడదు. ఆ నిశ్శబ్దం తర్వాత వచ్చే పల్సే కొత్త నిమిషం అంచు. ఆ వచ్చే నిమిషం పేరే మనం అంతదాకా విన్నది.

ఈ రిసీవర్‌కి పెద్ద శత్రువు మీ సర్క్యూటే. మల్టీప్లెక్స్ చేసిన (అంకెల్ని ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వెలిగించే) ఎల్‌ఈడీ డిస్‌ప్లే, స్విచ్చింగ్ పవర్ సప్లై రెండూ ఇదే ఫ్రీక్వెన్సీల దగ్గర రొద చేస్తాయి. రిసీవర్ యాంటెన్నా అయిన ఫెరైట్ కడ్డీని వాటికి దూరంగా జరిపి, స్టేషన్ దిక్కుకు అడ్డంగా తిప్పాలి. వినేటప్పుడు డిస్‌ప్లేని ఆర్పేస్తే ఇంకా మేలు. ఇంతా చేసి, ఈ స్టేషన్లు వినబడేది మామూలుగా వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల పరిధిలోనే. ఆ పరిధికి బయట ఉంటే మాడ్యూల్ కొని లాభం లేదు.

ఆకాశం నుంచి వచ్చే అంచు

జీపీఎస్ దారి చూపే యంత్రంగా పేరు తెచ్చుకుంది గానీ, అసలది గడియారాల గుంపు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఒక్కో ఉపగ్రహంలో అణు గడియారాలున్నాయి. సిగ్నల్ కిందికి రావడానికి తక్కువలో తక్కువ 67 మిల్లీసెకన్లు పడుతుంది. రిసీవర్‌కి తానెక్కడుందో తెలియదు, టైం ఎంతో తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు, టైం అనే నాలుగు తెలియనివి తేల్చాలంటే నాలుగు ఉపగ్రహాలు కావాలి. చోటు సరిగ్గా తెలిసిందంటే టైం కూడా సరిగ్గా తెలిసినట్టే, ఎందుకంటే ఒక మీటరు తేడాకు టైంలో వచ్చే తేడా 3.3 నానోసెకన్లే. అందుకే చిన్న నియో-6ఎం మాడ్యూల్ కూడా తన పీపీఎస్ పిన్ మీద, అంటే సెకనుకొక పల్స్ ఇచ్చే పిన్ మీద, 30 నానోసెకన్ల స్థాయి అంచు ఇవ్వగలదు. మన బల్ల మీద ఇంత చిన్న పిన్ దగ్గర అంత కచ్చితత్వం దొరకడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

అయితే ఈ మాడ్యూల్ అంచును ఒక తీగ మీద, పేరును ఇంకో తీగ మీద ఇస్తుంది. నేను రెండోసారి దెబ్బతిన్నది ఇక్కడే.

మొదట పీపీఎస్‌ని పట్టించుకోకుండా, సీరియల్ తీగ మీద వచ్చే వాక్యంలోని టైంను చదివి డిస్‌ప్లే మీద వేశాను. పీపీఎస్ పిన్‌కి ఒక ఎల్‌ఈడీ తగిలించి రెండూ పక్కపక్కన చూస్తే, ఎల్‌ఈడీ వెలిగాక ఓ రెప్పపాటు ఆగి అంకె మారేది. ఆ ఆగడం కూడా ఒక్కో సెకనుకు ఒక్కోలా. కారణం సులువే. 9600 బాడ్ మీద, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంతో, ఒక్కో అక్షరానికి పది బిట్ల చొప్పున సెకనుకు 960 అక్షరాలే వస్తాయి. టైం, తేదీ, చోటు చెప్పే డెబ్బై అక్షరాల ఆర్‌ఎంసీ వాక్యం పూర్తవడానికే 70 మిల్లీసెకన్ల పైన పడుతుంది. దానికి ముందు వేరే వాక్యాలుంటే ఇంకా ఆలస్యం.

సరే, వాక్యాన్ని చదివి పక్కన పెట్టుకుని, పీపీఎస్ పడగానే అంకె మార్చేలా రాశాను. ఎల్‌ఈడీ, అంకె ఇక అచ్చంగా ఒక్కసారే మారాయి. చాలా సంతోషపడ్డాను. ఫోన్ పక్కన పెట్టి చూస్తే నా గడియారం సరిగ్గా ఒక సెకను వెనక ఉంది. రెండు సాయంత్రాలు దాని చుట్టూ తిరిగాక విషయం బుర్రకెక్కింది. వాక్యం చెప్పేది అప్పటికే అయిపోయిన పల్స్ పేరు. 10:15:30కి పల్స్ పడుతుంది. ఆ తర్వాత "10:15:30" అనే వాక్యం వస్తుంది. తర్వాతి పల్స్ పడే క్షణం 10:15:31. నేనేమో దానికి చేతిలో ఉన్న పాత పేరు అంటిస్తున్నాను. కాబట్టి చదివిన టైంకు ఒక సెకను కలిపి ఉంచుకుని, పల్స్ పడగానే వాడాలి. కలిపేటప్పుడు సెకన్ల అంకెకు ఒకటి చేర్చి ఊరుకుంటే 59 తర్వాత 60 వస్తుంది. మొత్తం టైంను సెకన్లలోకి మార్చి, ఒకటి కలిపి, మళ్లీ విడగొట్టాలి.

పేరు విషయంలో జీపీఎస్ ఇంకో రెండు చోట్ల తడబడుతుంది. జీపీఎస్ సొంత టైంలో లీప్ సెకన్లు (భూమి తిరుగుడుకు సరిపడేలా అప్పుడప్పుడు కలిపే సెకన్లు) ఉండవు. 2017 జనవరి 1 నుంచి అది ప్రపంచ ప్రామాణిక టైం అయిన యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఈ తేడా ఎంతో ఉపగ్రహాలే చెబుతాయి గానీ, ఆ సమాచారం పన్నెండున్నర నిమిషాలకోసారి వచ్చే సందేశంలో ఉంటుంది. అది అందేదాకా మాడ్యూల్ తనలో రాసి ఉన్న పాత లెక్కతో నడిచి, రెండు మూడు సెకన్లు తప్పు చెప్పొచ్చు. కొత్త మాడ్యూల్‌ని మొదటిసారి పెట్టినప్పుడు ఓ పావుగంట వదిలేయండి. రెండోది వారాల లెక్క. పాత సిగ్నల్‌లో వారం సంఖ్యకు పది బిట్లే ఉన్నాయి కాబట్టి 1024 వారాలకోసారి సున్నాకి వచ్చేస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి అలా జరిగింది. పాత మాడ్యూల్ టైం సరిగ్గా చూపిస్తూ తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తే కారణం ఇదే.

బ్యాకప్ బ్యాటరీ ఉన్న మాడ్యూల్, ఉపగ్రహాలు ఇంకా దొరక్కముందే తన సొంత చిన్న గడియారం నుంచి టైం చెప్పడం మొదలెడుతుంది. ఆర్‌ఎంసీ వాక్యంలో ‘A’ అనే అక్షరం ఉంటేనే నమ్మాలి, ‘V’ అని ఉంటే పక్కన పెట్టాలి.

అంచు మాడ్యూల్ పిన్ దగ్గర బాగున్నా, మైక్రోకంట్రోలర్ లోపలికి వచ్చేసరికి చెడిపోవచ్చు. పీపీఎస్‌ని ఇంటరప్ట్‌కి (చేస్తున్న పని ఆపి వెంటనే స్పందించే ఏర్పాటుకి) తగిలిస్తే కొన్ని మైక్రోసెకన్ల ఆలస్యం మామూలే. కానీ 60 రంగుల ఎల్‌ఈడీల రింగ్‌తో గడియారం కడితే, ఒక్కో ఎల్‌ఈడీకి సమాచారం పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. ఊనో లాంటి బోర్డుల్లో ఆ పని జరిగినంతసేపు ఇంటరప్టులు ఆపేస్తారు. రింగ్ మొత్తానికి 1.8 మిల్లీసెకన్లు. 30 నానోసెకన్ల అంచును కొనుక్కొచ్చి దాని తలుపు దగ్గరే అరవై వేల రెట్లు పాడుచేసినట్టు. దీనికి మందు ఇన్‌పుట్ క్యాప్చర్. పల్స్ పడిన క్షణాన టైమర్ కౌంటర్ విలువను హార్డ్‌వేరే పట్టి దాచుతుంది, కోడ్ తీరిక దొరికాక చదువుకుంటుంది. ఊనోలో అది 8వ పిన్.

నెట్ నుంచి అడిగి తెచ్చుకుంటే

వైఫై ఉన్న బోర్డులకు ఎన్‌టీపీ, అంటే నెట్‌లోని టైం సర్వర్‌ని టైం అడిగే పద్ధతి, సులువైన దారి. పేరు బాగా చెబుతుంది, అంచు కొన్ని మిల్లీసెకన్ల నుంచి కొన్ని పదుల మిల్లీసెకన్ల దాకా సరిగ్గా ఇస్తుంది. 48 బైట్ల చిన్న ప్యాకెట్ వెళ్లి వస్తుంది. అంతలో నాలుగు టైంలు నమోదవుతాయి. మన గడియారం ప్రకారం 100వ మిల్లీసెకను దగ్గర అడిగామనుకుందాం. సర్వర్ తన గడియారం ప్రకారం 350 దగ్గర అందుకుని 351 దగ్గర జవాబు పంపింది. మనకు 141 దగ్గర చేరింది. వెళ్లేటప్పుడు తేడా 250, వచ్చేటప్పుడు 210. సగటు 230. మన గడియారం అంత వెనకుందని లెక్క. దారిలో గడిచింది 40 మిల్లీసెకన్లు.

ఈ సగటు వెనక ఒక నమ్మకం ఉంది: వెళ్లే దారి, వచ్చే దారి ఒకే పొడవని. నిజానికి వెళ్లడానికి 30, రావడానికి 10 పట్టి ఉంటే అసలు తేడా 220. మనం 10 మిల్లీసెకన్లు తప్పు. ఎన్‌టీపీతో ఎంత తంటాలు పడినా ఈ తప్పు లోపలి నుంచి కనబడదు. ఈఎస్‌పీ32 లాంటి వైఫై బోర్డుల్లో ఇది ఎక్కువగా ఒకవైపే వస్తుంది. కరెంటు ఆదా కోసం వైఫై కునుకు తీస్తూ ఉంటే, వచ్చిన జవాబును రౌటర్ దాచి పెట్టి, తర్వాతి బీకన్ (రౌటర్ క్రమం తప్పకుండా పంపే చిన్న సిగ్నల్) దగ్గర ఇస్తుంది. బీకన్లు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి. కాబట్టి టైం అడిగే ఆ కాసేపు స్లీప్‌ని ఆపేయండి. నాలుగైదుసార్లు అడిగి, అతి తక్కువ సమయంలో వెళ్లొచ్చిన జవాబునే నమ్మండి. సగటు తీయకండి.

ఎన్‌టీపీ 1900 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, చాలా కంప్యూటర్లు వాడే యూనిక్స్ టైం 1970 నుంచి. మధ్యలో 2,208,988,800 సెకన్లు. ఎన్‌టీపీ 32 బిట్ల సెకన్ల లెక్క 2036 ఫిబ్రవరి 7న సున్నాకి తిరుగుతుంది. ఈరోజు రాసే కోడ్ అప్పటికీ నడుస్తూ ఉండొచ్చు, చూసి రాయండి.

ఇంకొక్క మాట, మర్యాద గురించి. సర్వర్‌ని గంటకోసారి అడిగితే చాలు. జవాబు రాకపోతే సెకను సెకనుకూ అడగకుండా, వ్యవధి పెంచుతూ పోవాలి. 2003లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం టైం సర్వర్ మీద సెకనుకు లక్షల ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. ఇళ్లలో వాడే ఒక రకం రౌటర్లలో ఆ సర్వర్ చిరునామానే నేరుగా రాసేశారు, జవాబు రానప్పుడు ప్రతి సెకనూ అడగమని కోడ్‌లో ఉంది. అలాంటి రెండు లైన్లు మన కోడ్‌లోనూ తేలిగ్గా దూరిపోతాయి.

రెండూ కలిపితే

బయటి సిగ్నల్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. వైఫై పడిపోతుంది, జీపీఎస్‌కి ఆకాశం కనబడదు. అప్పుడు గడియారాన్ని మోసేది లోపలి క్రిస్టలే. కాబట్టి సిగ్నల్ ఉన్నప్పుడే క్రిస్టల్ గుణం తెలుసుకుని పెట్టుకోవాలి. క్రిస్టల్‌తో నడిచే 16 మెగాహెర్ట్జ్ టైమర్‌ని రెండు పీపీఎస్ పల్సుల మధ్య లెక్కపెట్టండి. 16,000,000 రావాల్సిన చోట 16,000,480 వస్తే, మీ క్రిస్టల్ 30 పీపీఎం వేగంగా ఉన్నట్టు. ఒక్క సెకను కొలత చాలదు, వంద సెకన్ల మీద తీస్తే ఇంకా సన్నగా తెలుస్తుంది. సిగ్నల్ పోయాక ఆ 30ని తీసేస్తూ నడిపితే, గంటల తరబడి దాదాపు ఏ తేడా లేకుండా సాగుతుంది.

సరిదిద్దేటప్పుడు గడియారాన్ని వెనక్కి గెంతించొద్దు. లాగర్ అయితే ఒకే క్షణం రెండుసార్లు నమోదవుతుంది, అలారం రెండుసార్లు మోగుతుంది. అర సెకను ముందుంటే, దాన్ని కాసేపు కొంచెం మెల్లగా నడిపి దారికి తేవాలి. ముందుకైతే గెంతినా మధ్యలో ఏదైనా పని తప్పిపోయిందేమో చూసుకోవాలి. లోపల ఎప్పుడూ యూటీసీనే నడిపి, స్థానిక టైంలోకి డిస్‌ప్లే మీద వేసే ముందు మాత్రమే మార్చండి. ఆ తేడాను గంటల్లో కాకుండా నిమిషాల్లో ఉంచుకోండి, అరగంట, ముప్పావుగంట తేడాలతో నడిచే ప్రాంతాలున్నాయి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్న గడియారంలో డీఎస్3231 ఉంది, కిటికీ పక్కన జీపీఎస్ మాడ్యూల్ ఉంది. రోజుకోసారి మాడ్యూల్‌కి కరెంటిచ్చి, వాక్యంలో ‘A’ అక్షరం వచ్చాక ఇంకో పావుగంట ఆగి, ఒక పీపీఎస్ అంచు దగ్గర సెకన్ల రిజిస్టర్‌లో రాస్తాను. రాసే ముందు రెండింటి అంచుల మధ్య తేడాను నా కోడ్ నోట్ చేసుకుంటుంది. చిప్‌లో ఏజింగ్ అనే రిజిస్టర్ ఒకటుంది. గది వేడి దగ్గర అందులో ఒక అంకె మారిస్తే సుమారు 0.1 పీపీఎం నడక మారుతుంది. మొదటి వారం తేడాలు చూసి ఆ రిజిస్టర్‌ని ఆరు అంకెలు జరిపాను. అప్పటి నుంచి రోజుకు రాసే దిద్దుబాటు పది, పదిహేను మిల్లీసెకన్లు దాటడం లేదు.